ఖాళీ సీటు ఎవరిది? కెర్నల్‌లో పోర్టుల రిజర్వేషన్ కథ

నాగార్జున సాగర్ డ్యామ్‌కు 26 క్రెస్ట్ గేట్లు. వానాకాలంలో వాటిలో ఎన్ని ఎత్తారు, ఎన్ని అడుగుల మేర ఎత్తారు అనేది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ప్రతి ఇంట్లోనూ కబురే. మనం ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ల్యాప్‌టాప్‌కు మాత్రం 65,536 గేట్లు ఉంటాయి. వాటిలో ఏది ఎవరు తెరిచారు, ఏది ఎందుకు దొరకడం లేదు అని మనం ఎప్పుడూ అడగం. ప్రాజెక్టు డెమో రోజు తెర మీద "అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్" అని పడేదాకా మనకు ఆ గేట్ల సంగతే గుర్తుండదు.

ఆ గేట్ల పేరే పోర్టులు. వాటి గురించి నెట్‌వర్క్స్ సబ్జెక్టులో చదివాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం. నేను ఇక్కడ చెప్పాలనుకుంటున్నది సిలబస్‌లో లేని ఒక చిన్న ముక్క. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో ఒక పోర్టును "రిజర్వ్" చేయడం అంటే అసలు ఏం చేసినట్టు? ఎవరి కోసం ఆపినట్టు? దీనికి మనలో చాలామంది ఊహించుకునే జవాబు ఒకటి, కెర్నల్ నిజంగా చేసే పని ఇంకొకటి. ఆ రెండింటి మధ్య తేడా తెలియక పనులు ఎలా ఆగిపోతాయో మిర్యాలగూడలో ఒక వడ్ల కాటా దగ్గర కళ్ళారా చూశాను. ఆ సంగతికి వచ్చే ముందు కొంచెం నేపథ్యం.

రెండు రకాల ప్రయాణికులు

పోర్టు నంబరు 16 బిట్లది. అందుకే 0 నుంచి 65,535 వరకు ఉంటుంది. టీసీపీకి ఒక వరస, యూడీపీకి ఇంకో వరస. వీటిలో 0ని ఎవరూ వాడరు, దానికి వేరే అర్థం ఉంది. ఆ అర్థం ఏమిటో ఇప్పుడే చూద్దాం.

కెర్నల్‌ను ఒక ఆర్టీసీ బస్సు కండక్టర్ అనుకోండి. పోర్టులు సీట్లు. బస్సు ఎక్కే ప్రోగ్రాములు రెండు రకాలు. మొదటి రకం వాళ్ళు "నాకు 22వ నంబరు సీటే కావాలి" అంటారు. వీళ్ళు సర్వర్లు. వాళ్ళను వెతుక్కుంటూ బయటి నుంచి జనం వస్తారు కాబట్టి రోజుకో సీటు మారితే కుదరదు. వెబ్ అంటే 80, 443. మెయిల్ అంటే 25. ఇవి ఊరందరికీ తెలిసిన అడ్రసులు.

రెండో రకం వాళ్ళు "ఏదో ఒక సీటు ఇవ్వండి సార్, దిగిపోతా" అంటారు. వీళ్ళు క్లయింట్లు. బ్రౌజర్‌లో ఒక సైట్ తెరిస్తే అవతలి వైపు పోర్టు 443 అని మనకు తెలుసు. కానీ మన వైపు కూడా ఒక పోర్టు కావాలి కదా, జవాబు తిరిగి రావడానికి. అది ఏ నంబరైనా పర్లేదు. కనెక్ట్ అని పిలవగానే కెర్నలే ఒక ఖాళీ నంబరు తీసి ఇస్తుంది. బైండ్ పిలిచి నంబరు దగ్గర 0 అని రాసినా అంతే. 0 అంటే "నీ ఇష్టం, ఏదో ఒకటి" అని అర్థం. ఇలా పూట గడవడానికి ఇచ్చే పోర్టులను ఎఫెమెరల్ పోర్టులు అంటారు. మన మాటల్లో తాత్కాలిక పోర్టులు.

మొదటి రకం వాళ్ళ నంబర్ల జాబితాను అయానా అనే సంస్థ చూసుకుంటుంది. ఒకప్పుడు ఆ పని జాన్ పోస్టెల్ చేతిలో ఉండేది. ఎస్‌ఎస్‌హెచ్‌కు 22 ఎలా వచ్చిందో తెలిస్తే ఆ కాలం ఎంత సాదాసీదాగా ఉండేదో అర్థమవుతుంది. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటు యిలోనెన్ తన కొత్త ప్రోగ్రామ్ కోసం ఒక నంబరు కావాలని ఈమెయిల్ రాశాడు. ఎఫ్‌టీపీకి 21 ఉంది, టెల్నెట్‌కు 23 ఉంది, మధ్యలో 22 ఖాళీ. అదే అడిగాడు, అదే ఇచ్చారు.

ఇప్పుడు అయానా లెక్క ఇలా ఉంది. 0 నుంచి 1023 వరకు అందరికీ తెలిసిన సర్వీసులవి. 1024 నుంచి 49151 వరకు పేరు నమోదు చేసుకున్నవాళ్ళవి. 49152 నుంచి 65535 వరకు ఎవరికీ రాసివ్వరు, అవి తాత్కాలిక వాడకానికి.

గొడవ ఎక్కడ మొదలవుతుంది

కాగితం మీద లెక్క చక్కగా ఉంది. సర్వర్లు 49151 లోపల కూర్చుంటాయి, క్లయింట్లు ఆ పైన కూర్చుంటాయి, ఎవరి దారి వారిది. కానీ లైనక్స్ కెర్నల్ ఈ గీతను పాటించదు. లైనక్స్‌లో తాత్కాలిక పోర్టుల పరిధి మామూలుగా 32768 నుంచి 60999 వరకు ఉంటుంది. మొత్తం 28,232 నంబర్లు. అంటే అయానా "ఇవి నమోదైన సర్వీసులవి" అని చెప్పిన నంబర్లలో 32768 నుంచి 49151 వరకు, 16,384 నంబర్లను లైనక్స్ "ఏదో ఒక సీటు" బుట్టలో వేసుకుంది.

దీన్ని తప్పు అనలేం. ఎక్కువ కనెక్షన్లు పెట్టే మెషీన్‌కు ఎక్కువ తాత్కాలిక పోర్టులు కావాలి. పైగా నమోదైన నంబర్లలో ఏ ఒక్క మెషీన్‌లోనైనా నిజంగా నడిచేవి మామూలుగా చాలా కొద్ది. మిగతావి ఊరికే ఖాళీగా ఎందుకు ఉంచడం? కండక్టర్ చేసే ఆలోచనే ఇది. సీటు ఖాళీగా ఉంది, మనిషి నిలబడి ఉన్నాడు, కూర్చోబెట్టేశాడు.

ఆ సీటు అసలు మనిషి తర్వాతి స్టేజీలో ఎక్కితే? అప్పుడే గొడవ.

మిర్యాలగూడ కాటా దగ్గర

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలు మొదలయ్యాక హార్వెస్టర్‌తో కోసిన సన్నాలను రైతులు ఆరబెట్టకుండానే, పచ్చి వడ్లుగానే ట్రాక్టర్లలో మిల్లుకు తెస్తారు. అప్పుడు రోడ్డు పొడుగునా బారులే. పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో కుప్పగా ఎక్కువసేపు ఉంటే లోపల వేడెక్కుతాయి, గింజ రంగు మారుతుంది. రంగు మారితే ధరలో కోత. కాబట్టి అక్కడ గంట ఆలస్యం అంటే రైతుకు డబ్బులే.

బంధువుల ద్వారా పరిచయమైన ఒక మిల్లులో కాటా ఆగిందని నన్ను పిలిచారు. కంప్యూటర్ చదువుతున్నాం అంటే ప్రింటర్ నుంచి సీసీ కెమెరా దాకా అన్నీ మనకే వస్తాయని మన ఊళ్ళలో నమ్మకం కదా. వేబ్రిడ్జి పక్కన చిన్న గది, అందులో లైనక్స్ వేసిన పాత కంప్యూటర్. కాటా చూపించే బరువును ఒక చిన్న ప్రోగ్రామ్ చదివి 40400 అనే పోర్టులో పెడుతుంది. లోపల ఆఫీసులో ఉన్న బిల్లుల కంప్యూటర్ ఆ పోర్టుకు కనెక్ట్ అయి బరువు తీసుకుంటుంది. ఇంతే వ్యవస్థ.

"ఏమాయె తమ్మీ, కాటా నడుస్తలేదా? వడ్లు వేడెక్కుతున్నయ్" అని ట్రాక్టర్ మీది పెద్దమనిషి అడుగుతున్నాడు. గుమస్తా "అప్పుడప్పుడు ఇట్లనే మొండికేస్తది బాబాయ్, ఆఫ్ చేసి ఆన్ చేస్తే వస్తది" అంటున్నాడు. ఆయన అన్నది నిజమే. ఆఫ్ చేసి ఆన్ చేస్తే వస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఇలా జరుగుతుందట. అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

నేను ఆఫ్ చేయకముందు ఒకసారి చూద్దాం అన్నాను. ప్రోగ్రామ్ తెరిస్తే "అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్" అని వచ్చి ఆగిపోతోంది. సరే, 40400లో ఎవరు ఉన్నారో చూద్దామని ఎస్‌ఎస్ కమాండ్ కొట్టాను. వింటున్న పోర్టుల జాబితా మాత్రమే అడిగితే 40400 అందులో లేదు. అంటే ఎవరూ లేరు. కానీ సీటు ఖాళీ లేదు అంటోంది!

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఎస్‌ఎస్‌కు "ఎల్" అనే ఆప్షన్ ఇస్తే కాల్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న సర్వర్లు మాత్రమే కనిపిస్తాయి. మాట్లాడుకుంటున్న కనెక్షన్లు కనిపించవు. "ఏ" ఆప్షన్ ఇచ్చి అన్నీ చూపించమంటే అప్పుడు దొరికింది. బిల్లుల ఫైళ్ళను ఇంటర్నెట్‌లోకి పంపే బ్యాకప్ ప్రోగ్రామ్ ఒకటి అవతలి సర్వర్ 443తో మాట్లాడుతోంది. దాని ఇవతలి చివర పోర్టు 40400.

బ్యాకప్ ప్రోగ్రామ్ ఆ నంబరు అడగలేదు. "ఏదో ఒకటి ఇవ్వు" అంది. గుమస్తా మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ కాటా ప్రోగ్రామ్ మూసేశాడు. ఆ కొద్దిసేపట్లో కెర్నల్ 40400 ఖాళీగా ఉంది కదా అని బ్యాకప్‌కు ఇచ్చేసింది. తిరిగి వచ్చి కాటా ప్రోగ్రామ్ తెరిస్తే సీట్లో ఇంకొకరు ఉన్నారు. ఎవరూ తప్పు చేయలేదు. పని మాత్రం ఆగింది.

ఏడాదికి ఒక్కసారే ఎందుకు?

ఈ లెక్క నాకు బాగా నచ్చింది, అందుకే చెప్తున్నా. లైనక్స్ 4.2 నుంచి కెర్నల్‌లో ఒక పద్ధతి ఉంది. కనెక్ట్ పిలిచేవాళ్ళకు మొదట పరిధి మొదటి నంబరుతో సరిపోలే వరసలోంచి ఇస్తుంది. మొదటి నంబరు 32768, సరి సంఖ్య. కాబట్టి కనెక్ట్‌కు సరి సంఖ్యలు, బైండ్ 0 అని అడిగేవాళ్ళకు బేసి సంఖ్యలు. తమ వరస నిండిపోతేనే అవతలి వరసలోకి వెళ్తారు. అంటే కనెక్ట్ బుట్టలో 14,116 నంబర్లు. 40400 సరి సంఖ్య, ఆ బుట్టలోనే ఉంది.

ఆ మెషీన్‌లో ఒక సమయంలో దాదాపు 30 కనెక్షన్లు నడుస్తాయి అనుకుందాం. వాటిలో ఒకటి సరిగ్గా 40400 మీద ఉండే అవకాశం, సుమారుగా, 470లో ఒకటి. గుమస్తా రోజుకు రెండుసార్లు ప్రోగ్రామ్ తెరుస్తాడు. అంటే 235 రోజులకు ఒకసారి తగులుతుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు అని గుమస్తా చెప్పిన మాట లెక్కకు అలా సరిపోయింది.

ఇలాంటి బగ్ చాలా చెడ్డది. రోజూ వస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. అసలు రాకపోతే బాధ లేదు. ఏడాదికోసారి వచ్చి, రీస్టార్ట్ చేయగానే పోయేదాన్ని "ఏదో అయింది" అని వదిలేస్తాం. కానీ అది ఖాళీ రోజు చూసుకుని రాదు. బారులు తీరిన రోజు కూడా రావచ్చు.

కర్చీఫ్ కాలం

బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేయడం మనకు తెలిసిన విద్యే. కంప్యూటర్ల వాళ్ళూ ఒకప్పుడు అదే చేశారు.

పాత యూనిక్స్ ప్రోగ్రాములు కొన్ని బైండ్‌రెస్వ్‌పోర్ట్ అనే ఫంక్షన్ ద్వారా 1024 లోపల ఏదో ఒక పోర్టు తీసుకునేవి. లైనక్స్‌లో అది మామూలుగా 600 నుంచి 1023 మధ్య వెతికేది. ప్రింటర్ సర్వీసు నంబరు 631. అది కూడా ఆ మధ్యలోనే ఉంది. బూట్ అయ్యేటప్పుడు ఏదో ఆర్‌పీసీ సర్వీసు ముందు లేచి 631 పట్టుకుంటే, తర్వాత లేచిన ప్రింటర్ సర్వీసు బయట నిలబడాల్సిందే.

దీనికి రెడ్ హ్యాట్ వాళ్ళ లైనక్స్‌లో పోర్ట్‌రిజర్వ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండేది. అది బూట్‌లో అందరికంటే ముందు లేచి 631లో తానే కూర్చుంటుంది. ప్రింటర్ సర్వీసు మొదలయ్యే ముందు "నేను వచ్చా, లే" అని కబురు పంపిస్తే లేచి పోతుంది. అచ్చంగా కర్చీఫ్. కానీ కర్చీఫ్‌కు ఉన్న బలహీనతే దీనికీ ఉంది. ఒకరు లేవడానికి, ఇంకొకరు కూర్చోవడానికి మధ్య చిన్న సందు ఉంటుంది. పైగా సర్వీసు ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడు కర్చీఫ్ అక్కడ ఉండదు. మన కాటా కథలో జరిగింది ఆ సందులోనే కదా.

కండక్టర్ చేతిలో కాగితం

కాబట్టి ఈ పని కెర్నలే చేయాలి. 2010లో వచ్చిన లైనక్స్ 2.6.35లో ఆ సౌకర్యం చేర్చారు. దాని పేరు "ఐపీ లోకల్ రిజర్వ్‌డ్ పోర్ట్స్". మాటల మధ్య అండర్‌స్కోర్లు పెట్టుకోండి. ప్రాక్, సిస్, నెట్, ఐపీవీ4 అనే ఫోల్డర్ల కింద ఆ పేరుతో ఫైల్ కనిపిస్తుంది. పేరులో ఐపీవీ4 అని ఉన్నా ఐపీవీ6కు కూడా ఇదే వర్తిస్తుంది. మొదట ఖాళీగా ఉంటుంది. అందులో కామాలతో నంబర్లు రాయాలి. వరస నంబర్లయితే మధ్యలో గీత పెడితే చాలు. ఉదాహరణకు 40400,41000-41010.

కెర్నల్ దీన్ని ఎలా గుర్తు పెట్టుకుంటుంది? ఒక్కో పోర్టుకు ఒక్కో బిట్. 65,536 బిట్లు అంటే 8,192 బైట్లు, 8 కేబీ. మన వాట్సాప్ ఫోటోతో పోలిస్తే చాలా చిన్నది. కనెక్ట్ గానీ, బైండ్ 0 గానీ వచ్చినప్పుడు కెర్నల్ ఒక నంబరు ఎంచుకుంటుంది, ఆ నంబరు బిట్ చూస్తుంది. 1 ఉంటే దాటేసి తర్వాతి నంబరుకు పోతుంది. అంతే. అదే మొత్తం యంత్రాంగం.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. ఇది ఎవరి కోసం ఆపినట్టు?

ఒక్క బిట్‌లో పేరు పట్టదు. "40400 కాటా ప్రోగ్రామ్‌ది" అని కెర్నల్ ఎక్కడా రాసుకోలేదు. దాని దగ్గర ఉన్నది ఒకే ఒక్క నియమం: "ఏదో ఒక సీటు అన్నవాడికి ఇది ఇవ్వకు." నంబరు చెప్పి అడిగితే ఎవరికైనా ఇచ్చేస్తుంది. కాటా ప్రోగ్రామ్ వచ్చి 40400 అంటే ఇస్తుంది. మీరు రాసిన టెస్ట్ ప్రోగ్రామ్ ముందు వచ్చి 40400 అన్నా ఇస్తుంది. తర్వాత వచ్చిన కాటా ప్రోగ్రామ్‌కు మళ్ళీ అదే ఎర్రర్.

మనకు రిజర్వేషన్ అనగానే టికెట్ మీద పేరు, వయసు, సీటు నంబరు గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. కండక్టర్ చేతిలో నంబర్ల కాగితం ఉంది, పేర్ల కాగితం లేదు. ఎవరికి ఇవ్వాలో ఈ కెర్నల్ రిజర్వేషన్ చెప్పదు. ఎలా ఇవ్వకూడదో మాత్రమే చెప్తుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే మిగతావన్నీ దానంతట అవే అర్థమవుతాయి.

మొదటిది: ఇప్పటికే కూర్చున్నవాళ్ళను ఇది లేపదు. బ్యాకప్ 40400లో ఉన్నప్పుడు మీరు రిజర్వ్ చేస్తే ఆ పూటకు ఏ లాభమూ లేదు. అందుకే సెట్టింగ్‌ను సిస్‌సీటీఎల్ డైరెక్టరీలో ఒక ఫైల్‌గా పెట్టాలి. బూట్‌లో సర్వీసులు లేవకముందే అది అమల్లోకి వస్తుంది.

రెండోది: కొత్త జాబితా రాస్తే పాత జాబితా మొత్తం పోతుంది. ఇది కలుపుకుంటూ పోయే జాబితా కాదు. నిన్న ఒకరు 40400 రాశారు, ఈరోజు ఇంకొకరు వచ్చి తమ ప్రోగ్రామ్ కోసం 41000 ఒక్కటే రాశారు. 40400 రిజర్వేషన్ చడీచప్పుడు లేకుండా పోయింది. హెచ్చరిక కూడా రాదు. రెండు వేర్వేరు ఫైళ్ళలో రాసినా చివర చదివిన ఫైలుదే చెల్లుతుంది. కాబట్టి ముందు ఉన్నది చదవాలి, దానికి మనది కలపాలి, తర్వాత మొత్తం రాయాలి.

మూడోది: పెద్ద బ్లాకులు రిజర్వ్ చేస్తే ఆ బ్లాకు పక్కనే ఉన్న పోర్టుల మీద బరువు పడుతుంది. కెర్నల్ ఎంచుకున్న నంబరు రిజర్వ్ అయి ఉంటే ముందుకు జరుగుతుంది కదా. అంటే బ్లాకులో ఏ నంబరు తగిలినా చివరికి దాని తర్వాతి నంబర్లకే చేరుతుంది. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఈ హెచ్చరిక ఉంది. పది నంబర్లకు పర్లేదు, వేల నంబర్లకు ఆలోచించాలి.

నాలుగోది: ఈ జాబితా ఒక్కో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కు ఒక్కోటి. డాకర్ కంటైనర్‌కు మామూలుగా సొంత నేమ్‌స్పేస్ ఉంటుంది. హోస్ట్‌లో రాసింది కంటైనర్ లోపల ఉంటుందని అనుకోకూడదు.

మరి పేరు పెట్టి ఆపే మార్గమే లేదా? కొంతవరకు ఉంది. 1024 లోపలి పోర్టులను మామూలు యూజర్ తెరవలేడు, రూట్‌కు గానీ ఆ ప్రత్యేక అనుమతి ఉన్న ప్రోగ్రామ్‌కు గానీ మాత్రమే చెల్లుతుంది. బీఎస్‌డీ యూనిక్స్ కాలం నుంచి వస్తున్న ఆచారం అది. ఎస్‌ఈలైనక్స్ ఉన్న మెషీన్లలో పోర్టులకు లేబుళ్ళు ఉంటాయి, ఆ నియమాలకు లోబడిన ప్రోగ్రామ్ తన లేబుల్ కాని పోర్టును తెరవలేదు. ఇంకో దారి సిస్టమ్‌డీ సాకెట్ పద్ధతి. అందులో సిస్టమ్‌డీయే పోర్టు తెరిచి పట్టుకుంటుంది, సర్వీసు లేచినప్పుడు తెరిచిన సాకెట్‌ను దాని చేతికి ఇస్తుంది. సర్వీసు ఆగి మళ్ళీ లేచినా సీటు సిస్టమ్‌డీ దగ్గరే ఉంటుంది. పోర్ట్‌రిజర్వ్‌లో ఉన్న సందు ఇందులో లేదు.

విండోస్‌లో ఇదే మాటకు ఇంకో అర్థం

మన క్లాసులో ఎక్కువ మంది వాడేది విండోస్. అక్కడి కథ ఇంకా తమాషా. విండోస్ విస్టా నుంచి తాత్కాలిక పరిధి అయానా చెప్పినట్టే 49152 నుంచి 65535. అంతకు ముందు 1025 నుంచి 5000 వరకు ఉండేది. కాబట్టి మామూలుగా గొడవ తక్కువ ఉండాలి.

కానీ హైపర్-వీ, డాకర్, డబ్ల్యూఎస్‌ఎల్ లాంటివి వాడే మెషీన్లలో విన్‌నాట్ అనే సర్వీసు తన కోసం పోర్టుల బ్లాకులు ముందే పట్టి పెట్టుకుంటుంది. కొన్ని మెషీన్లలో తాత్కాలిక పరిధి 1024 దగ్గరి నుంచి మొదలయ్యేలా మారిపోయి ఉంటుంది. అప్పుడు ఆ బ్లాకులు 3000, 5000, 8080 లాంటి మన ప్రాజెక్టు నంబర్ల మీద పడవచ్చు. ఆ పోర్టు తెరవబోతే వచ్చే ఎర్రర్ కూడా వేరు. "వాడుకలో ఉంది" అని చెప్పే 10048 రాదు, "అనుమతి లేదు" అని చెప్పే 10013 వస్తుంది. నెట్‌స్టాట్ చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. మనవాళ్ళు యాంటీవైరస్‌ను తిడతారు, ఫైర్‌వాల్ ఆపేస్తారు, చివరికి విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు.

చూడాల్సింది నెట్‌ష్ కమాండ్‌లో ఎక్స్‌క్లూడెడ్ పోర్ట్ రేంజ్ జాబితా. మీ నంబరు అందులో ఏదో ఒక బ్లాకులో ఉంటే దొంగ దొరికినట్టే. అడ్మిన్‌గా విన్‌నాట్ ఆపి, మీ పోర్టును మీరే ఎక్స్‌క్లూడెడ్ జాబితాలో చేర్చి, మళ్ళీ విన్‌నాట్ మొదలుపెడితే అది మీ నంబరు జోలికి రాదు.

గమనించండి, ఇక్కడ ఒకే మాటకు రెండు అర్థాలు కలిసి ఉన్నాయి. విన్‌నాట్ పట్టిన బ్లాకు యజమాని ఉన్న రిజర్వేషన్, మీరు నంబరు చెప్పి అడిగినా ఇవ్వదు. మీరు చేర్చింది లైనక్స్ రకం, అడగనివాళ్ళకు ఇవ్వకు అని మాత్రమే. విండోస్‌లో ప్రోగ్రామ్‌కు టోకెన్ ఇచ్చి, ఆ టోకెన్ చూపించినవాళ్ళకే పోర్టు ఇచ్చే ఏపీఐ కూడా ఉంది. పేరున్న టికెట్ అంటే అది.

మనం చేయదగ్గది

మీ ప్రాజెక్టుకు ఒక పోర్టు నంబరు ఎంచుకుంటున్నారా? ముందు అది మెషీన్ తాత్కాలిక పరిధిలో ఉందో లేదో చూడండి. లైనక్స్‌లో "ఐపీ లోకల్ పోర్ట్ రేంజ్" అనే ఫైల్ చదివితే రెండు నంబర్లు కనిపిస్తాయి. వీలైతే ఆ పరిధి బయట, అంటే 32768 కంటే కింద నంబరు ఎంచుకోండి. అన్నిటికంటే చవకైన రిజర్వేషన్ అదే, ఏమీ రాయనక్కర్లేదు. కుబర్నెటీస్ బయటి ప్రపంచానికి ఇచ్చే నోడ్‌పోర్టుల పరిధి చూడండి, 30000 నుంచి 32767. లైనక్స్ పరిధికి సరిగ్గా ఒక్క అడుగు ముందు ఆగిపోతుంది.

నంబరు మార్చడం మీ చేతిలో లేకపోతే, వేరేవాళ్ళ సాఫ్ట్‌వేర్ అయితే, అప్పుడు కెర్నల్ జాబితాలో రాయండి. ఆ మిల్లులో చేసింది ఇదే. ఎందుకంటే బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో 40400 అని గట్టిగా రాసేసి ఉంది, దాన్ని మార్చే వీలు లేదు. సిస్‌సీటీఎల్ డైరెక్టరీలో ఒకే ఒక్క లైను ఉన్న ఫైల్. దాని పైన కామెంట్‌గా ఇది ఏ ప్రోగ్రామ్ కోసం, ఎందుకు అని తెలుగులోనే రాశాను. పేరు గుర్తుపెట్టుకోవడం కెర్నల్‌కు రాదు కాబట్టి ఆ పని మనిషే చేయాలి. రేపు ఇంకెవరో వచ్చి ఆ ఫైల్ తెరిస్తే, 40400 అన్నది ఒట్టి నంబరు కాదు, దాని వెనక ట్రాక్టర్ల బారు ఉందని తెలియాలి కదా.

చివరగా ఒక చిన్న అలవాటు. ఏదైనా "ఆఫ్ చేసి ఆన్ చేస్తే వస్తది" అని వింటే, ఆఫ్ చేయకముందు రెండు నిమిషాలు అడగండి. ఎస్‌ఎస్‌ను అన్ని కనెక్షన్లతో ఒకసారి కొట్టి చూడండి. ఆఫ్ చేయగానే సాక్ష్యం కూడా పోతుంది. సీట్లో కూర్చున్న మనిషి దిగి వెళ్ళిపోయాక, ఎవరు కూర్చున్నారని అడిగితే కండక్టర్ కూడా చెప్పలేడు.